ఒంటరి తూకం

పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయాలంటారు. రాస్తాను. కానీ ముందే చెబుతున్నాను, ఆయన మీద నాకు కోపం ఇంకా పోలేదు. తిరువూరు కాలేజీలో నాతోపాటు పనిచేసిన ఫిజిక్స్ సార్ పోయారని మొన్న పొద్దున్నే విస్సన్నపేట నుంచి ఆయన చెల్లెలు ఫోన్ చేసింది. నా నోట ముందు వచ్చిన మాట అయ్యో కాదు. ఆ సమయానికి పక్కన ఎవరున్నారని అడిగాను. ఎవరూ లేరమ్మా, నేను వంటింట్లో పాలు కాస్తున్నాను అంది ఆవిడ, అదేదో తన తప్పయినట్టు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి ఆ పేరు పైకి అని చేసిన పని చాలు. అయినా తిరువూరులో ఆయన పేరు ఎంతమందికి తెలుసు గనక? ఊరందరికీ ఫిజిక్స్ సార్. నాకు మాస్టారు. పేరు పెట్టి పిలిచేది ఒక్క మనిషే, ఆయన భార్య. మా వైపు ఆడవాళ్లు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు, అందులోనూ నడివీధిలో. ఆవిడ పిలిచేది. ఆయన సైకిల్ మలుపు తిరగ్గానే వరండాలోంచి గట్టిగా కేకేసేది, బెండకాయలు తెచ్చావా అని. చుట్టుపక్కల వాళ్లు బుగ్గలు నొక్కుకునేవాళ్లు. ఈయనేమో నవ్వుకుంటూ సైకిల్ దిగేవారు.

తొంభైల చివర్లో మా కాలేజీ అంటే నాలుగు రేకుల షెడ్లు, వెనక పత్తిచేలు. నేను లెక్కలు చెప్పేదాన్ని. ఎండలకి రేకులు కాగి పిల్లలు సోలిపోతుంటే ఈయన మాత్రం పొడుగు చేతుల చొక్కాకి మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని, సుద్దముక్కని బొటనవేలితో నొక్కుకుంటూ పాఠం చెప్పేవారు. చేతికి ఏదొచ్చినా ముందు అరచేతిలో పెట్టుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకునేవారు. రికార్డు పుస్తకం ఇస్తే మూడు వందల ఇరవై గ్రాములు అనేవారు. జామకాయ ఇస్తే నూట అరవై. పిల్లలు పందేలు వేసుకుని ఎదురుగా ఉన్న కిరాణా కొట్లో తూయించుకొచ్చేవాళ్లు. ఆయన తప్పిన రోజు నాకు గుర్తు లేదు. ద్రవ్యరాశి అనాల్సిన చోట బరువు అన్నవాణ్ణి బెంచీ ఎక్కించేవారు గానీ, బజార్లో ఆయనా మనలాగే బరువనేవారు.

ఆయనకో మాట అలవాటు. "ఒంటరిగా తూచారా?" స్టాఫ్ రూములో మేం ఎవరి మీదైనా తీర్పు చెప్పేస్తే, ఫలానా కుర్రాడు వెధవ అనో, ఫలానా వాళ్ల కోడలు గయ్యాళి అనో, ఈయన పేపరు దించి ఆ ఒక్క ప్రశ్నా అడిగి మళ్లీ పేపరు ఎత్తేవారు. మొదట్లో నవ్వేవాళ్లం, తర్వాత విసుక్కునేవాళ్లం. నేనైతే ఒకసారి మొహం మీదే అనేశాను, మాస్టారూ మీ చాదస్తం ముదిరిపోతోందని. ఆయనకేం కోపం రాలేదు.

మా అమ్మాయి బారసాలకి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. పాపని ఆయన చేతికిచ్చాను. కళ్లు మూసుకున్నారు. అందరూ అంకె కోసం నవ్వు మొహాలతో ఎదురు చూస్తున్నారు. ఆయన అంకె చెప్పలేదు. పాపని నాకు తిరిగి ఇస్తూ, నేను అందుకున్నాక కూడా తన చేతులు పాప కిందే ఇంకో క్షణం ఉంచారు. మీ చేతుల్లోకి వచ్చేసరికి ఎక్కువైందమ్మా అన్నారు మెల్లగా. మా అత్తగారు ఆ సాయంత్రం ఎండుమిరపకాయలు తెప్పించి పాపకి దిష్టి తీసింది.

పురిటి సెలవు అయి కాలేజీకి వెళ్లిన రోజే స్టాఫ్ రూములో నిలదీశాను, పసిపిల్ల మీద ఆ మాటలేంటని. అప్పుడు చెప్పారు, తను చదువు ఎక్కడ ఆపేశారో. యూనివర్సిటీలో రీసెర్చి చేస్తూ మధ్యలో వదిలేసి వచ్చిన మనిషని మాకు తెలుసుగానీ ఎందుకో తెలియదు.

సమీకరణంలో ముందుగా ఒక అక్షరం రాస్తారట. అది ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి, దేనితోనూ ఏ సంబంధమూ లేకుండా, ఒంటరిగా ఉంటే ఎంతో అంత. ఆ తర్వాత అదే సమీకరణంలో ఇంకో పదం చేర్చాలి, ఎలక్ట్రాన్‌కీ కాంతికీ మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోవడాన్ని చెప్పే పదం. అది చేర్చగానే మొదటి అక్షరం చెల్లదు. ఎలక్ట్రాన్ ఒక ఫోటాన్‌ని వదులుతుంది, మళ్లీ తనే పట్టుకుంటుంది. చుట్టూ ఏమీ లేని శూన్యంలో పెట్టినా ఆ పని మానదు. ఆ వదలడం, పట్టడం అంతా దాని బరువులో చేరిపోతుంది. ప్రయోగంలో తెలిసేది చేరిన తర్వాతి బరువే. ఎంత చేరిందని లెక్క కడితే అనంతం అని వస్తుంది. తెలిసినవాళ్లు దాన్ని ఒక పద్ధతి ప్రకారం తీసేసి, ప్రయోగంలో వచ్చిన విలువ పెట్టుకుని ముందుకు పోతారు, జవాబులు చక్కగా సరిపోతాయి. ఈయన మాత్రం ఆ మొదటి అక్షరం దగ్గరే కూర్చున్నారు. దాని అసలు విలువెంత అని రెండేళ్లు గైడుని అడిగారు. ఆ ప్రశ్నకి అర్థం లేదని గైడు రెండేళ్లు చెప్పాడు. ఒకరోజు సంచీ సర్దుకుని వచ్చేశారు.

"పత్తి కాటా దగ్గర బస్తాకి గోతం తరుగు తీస్తారు కదమ్మా," అన్నారు. "గోతాన్ని విప్పి విడిగా తూచొచ్చు కాబట్టి తీస్తారు. ఎలక్ట్రాన్ గోతం అదే నేసుకుంటుంది. విప్పడానికి లేదు."

నేను లెక్కల మనిషిని. సమీకరణం దాకా ఒప్పుకుంటాను, మా పాప దాకా తేవద్దని చెప్పేశాను. సరేనన్నట్టు తలూపారు గానీ ఒప్పుకోలేదని ఆ మొహమే చెప్పింది.

ఆదివారాలు ఇద్దరూ కూరగాయలు కొనుక్కుని, విస్సన్నపేట రోడ్డులో ఒక షావుకారుగారి పత్తి కాటా దగ్గర ఆగేవారు. అక్కడి గుమాస్తా పెద్దాయన, వీళ్లంటే అభిమానం. అప్పుడే కొత్తగా ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది, బస్తా పెట్టే బల్ల ఇటు, గోడమీద ఎర్ర అంకెలు అటు. సంచులు కింద పెట్టి ముందు ఆయన ఎక్కేవారు, తర్వాత ఆవిడ, ఆ తర్వాత ఇద్దరూ కలిసి. కలిసి ఎక్కినప్పుడు వచ్చే అంకె విడివిడి అంకెల మొత్తంతో ఎప్పుడూ కలిసేది కాదు. నేనూ రెండు మూడుసార్లు చూశాను. కాటా కొత్తది కదా, ఇంకా కుదురుకోలేదని గుమాస్తా అనేవాడు. నేనే ఊపిరి బిగబడుతున్నాను లెండి అని ఆవిడ నవ్వేది. ఈయన నవ్వకుండా ఆ తేడా చూస్తూ నిలబడేవారు.

ఒక వానాకాలం ఆవిడకి కామెర్లు వచ్చాయి. ముదిరేదాకా ఎవరికీ చెప్పలేదు. పన్నెండు రోజుల్లో పోయింది. నా పురిటికి మా అమ్మ రాలేకపోతే మూడు వారాలు మా ఇంట్లో పథ్యం వండి పెట్టిన మనిషి. నేను ఇప్పటికీ కరివేపాకు కారం నూరితే ఆవిడ నూరినట్టు రాదు. ఆవిణ్ణి తీసుకెళ్లిన రోజున నేను ఏడ్చినంత మా వాళ్లు పోయినప్పుడు కూడా ఏడవలేదు.

పెద్దకర్మ అయిన తర్వాతి ఆదివారం మాస్టారు ఒక్కరే కాటా ఎక్కారు. మనిషి సగమైపోయారు. బెల్టుకి మేకుతో కొత్త బెజ్జాలు పొడుచుకున్నారు, చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. అంకె మాత్రం పాతదే, అరవై నాలుగు. గుమాస్తా కాటాని సున్నా చేసి మళ్లీ ఎక్కించాడట. అరవై నాలుగు. రాళ్లు పెట్టి చూశాడట, రాళ్లకి సరిగ్గానే చూపించింది. తర్వాతి ఆదివారమూ అంతే. నాకు ఈ సంగతి చెబుతూ ఆ పెద్దాయన గొంతు తగ్గించేశాడు, పక్కన ఎవరూ లేకపోయినా.

మాస్టారు మా ఇంటికి వచ్చి వరండాలో నిలబడే చెప్పారు. "ఇందులో నాదెంతో తెలియాలమ్మా. నాదెంతో తెలిస్తే మిగిలింది ఆమె. ఎంత మిగిలిందో తెలిస్తే నాకు చాలు."

ఆ తర్వాత ఆయన చేసిన పని మా ఊళ్లో ఎవరూ చేసి ఉండరు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లి పిలుపులకి వెళ్లినట్టు, మా వీధిలోనూ అటూ ఇటూ వీధుల్లోనూ ఇంటింటికీ వెళ్లారు. ముందు ఇంట్లో పెద్దవాళ్లకి, తర్వాత మిగతావాళ్లకి, గడప బయటే నిలబడి చేతులు జోడించి చెప్పారు. నెల రోజులు నన్ను పిలవకండి, పలకరించకండి, కనిపించినా కనిపించనట్టే ఉండండి, నేను లేననుకోండి. ఒకావిడ అలవాటు కొద్దీ ఏ రోజండీ, ఎన్నింటికండీ అని అడిగిందట. టీ కొట్టుకి, కిరాణా కొట్టుకి, కాలేజీకి, ఆటో స్టాండుకి కూడా వెళ్లి చెప్పొచ్చారు.

ఊరివాళ్లు దాన్ని దీక్ష అనుకున్నారు. భార్య పోయిన దుఃఖంలో ఏదో వ్రతం పట్టాడు పాపం అనుకున్నారు. దీక్షలో ఉన్నవాణ్ణి కదిలిస్తే ఆ దోషం మనకే చుట్టుకుంటుందని మావాళ్ల నమ్మకం. ఎగతాళి చేసి ఉంటే బాగుండేది, వినకపోయి ఉంటే ఇంకా బాగుండేది. అందరూ భక్తిగా పాటించారు. మంచితనంతో మనిషిని ఎంత దూరం తోసెయ్యొచ్చో నేను అప్పుడు చూశాను.

నేను మాత్రం వాదించాను. శూన్యంలో పెట్టినా ఎలక్ట్రాన్ ఆ పని మానదని మీరే చెప్పారు కదా, మేమంతా మానేసినా మీతో మీరు మాట్లాడుకోవడం మానరుగా, ఇంక ఒంటరి తూకం ఎక్కడిదని అడిగాను. "అది నేను చూసుకుంటానమ్మా," అన్నారు. ఆ మాటకి నాకు భయమేసింది. అయినా ఆయన అడిగినదానికి ఒప్పుకున్నాను. ప్రతి ఆదివారం కాటా దగ్గరికి వచ్చి, ఆయన వైపు చూడకుండా, మాట్లాడకుండా, గోడమీద అంకె చూసి గుర్తు పెట్టుకోవాలి. ఎందుకు ఒప్పుకున్నావంటే కొంత గౌరవం, కొంత జాలి. అబద్ధమెందుకు, ఎక్కువ పాలు కుతూహలమే.

మొదటి వారం అందరికీ కష్టమైంది. ఆయన ఎదురైతే మాట నోటిదాకా వచ్చి, మింగి, తల తిప్పుకునేవాళ్లు. టీ కొట్టతను గ్లాసు బల్ల చివర పెట్టి లోపలికి వెళ్లిపోయేవాడు. ఆటోవాళ్లు విస్సన్నపేట విస్సన్నపేట అని అరుస్తూ ఆయన దగ్గరికి వచ్చేసరికి ఆపేసేవాళ్లు. రెండో వారానికి ఆ కష్టం పోయింది. మూడో వారానికి ఇంకేదో మొదలైంది. ఎదురింటావిడ గుమ్మం కడిగిన నీళ్లు వీధిలోకి విసిరితే ఆయన మీద పడ్డాయి. నిజంగా కనపళ్లేదండీ, పిల్లల మీద ఒట్టు అని ఆవిడ నా దగ్గర కన్నీళ్లు పెట్టుకుంది. కాలేజీలో పిల్లల్ని పోయినేడాది ఫిజిక్స్ ఎవరు చెప్పారని ఆ నెల ఆయన బదులు వచ్చిన కొత్తాయన అడిగితే ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. అంతెందుకు, నేనే ఒకరోజు మధ్యాహ్నం బజారు నుంచి ఇంటికొచ్చి, చెప్పులు విడుస్తుంటే అప్పుడు తట్టింది. ఇందాక కొట్టు దగ్గర నా పక్కనే చెయ్యి చాపితే తగిలేంత దూరంలో నిలబడి ఉన్నది మాస్టారు. నేను తల తిప్పుకోలేదు. నాకు అక్కడ మనిషే కనపడలేదు.

మొదటి రెండు ఆదివారాలూ అంకె అరవై నాలుగే. మూడో ఆదివారం అరవై ఒకటి. తిండి మానేశారేమోనని కొట్లో వాకబు చేశాను, ఎప్పుడూ కొనే బియ్యమే కొన్నారట.

నాలుగో ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వెళ్లాను. పత్తి ఇంకా రాలేదు, కాటా ఖాళీగా ఉంది. గుమాస్తా తలుపు వైపు తిరిగి కూర్చున్నాడు. నేను గోడకి ఎదురుగా, బల్లకి వీపు పెట్టి నిలబడ్డాను. వెనక చెప్పులు విడిచిన చప్పుడు, బల్ల కిర్రుమనడం వినిపించాయి. ఎర్ర అంకెలు వెలిగాయి. యాభై ఎనిమిది.

సరే, ఇంకా తగ్గారు అనుకుంటుండగా యాభై ఏడైంది. యాభై నాలుగు. బల్ల మీద కదలిక లేదు, కదిలితే ఆ చెక్క చప్పుడు చేస్తుంది. యాభై. ఎవరో వెనక ఒక్కొక్క బస్తా దించేస్తున్నట్టు అంకె దిగుతోంది. నలభై ఆరు, నలభై ఒకటి. ఆగే అంకె కోసమే ఆయన ఇదంతా చేశారు. ఆగిందే ఆయన అసలు బరువు. నేను చేయాల్సిందల్లా నోరు మూసుకుని చూడడం. కానీ అది ఆగేలా లేదు. ముప్ఫై మూడు. వెనక మనిషి ఊపిరి వినిపించడం లేదు. ఇంకొంచెంలో గోడమీద సున్నా వస్తుందని, నేను వెనక్కి తిరిగితే బల్ల ఖాళీగా ఉంటుందని నాకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందని అడగొద్దు.

మాస్టారూ అన్నాను. ఇరవై తొమ్మిది. సార్ అన్నాను. ఇరవై ఆరు. అప్పుడు ఇంకేం తోచక పేరు పెట్టి పిలిచాను. నా కంటే పదిహేనేళ్లు పెద్దవాణ్ణి, ఆవిడ వరండాలోంచి పిలిచినట్టే, గట్టిగా.

అంకె ఒక్క గెంతులో అరవై నాలుగైంది.

తిరిగి చూస్తే బల్ల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నారు. నావైపే చూస్తున్నారు. "ఇంకొంచెం ఆగాల్సిందమ్మా," అన్నారు. అంతే. గుమాస్తా లేచి చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాడు. ఆయన వేసుకుని వెళ్లిపోయారు.

ఆ తర్వాత మెకానిక్ వచ్చి చూసి లోపం ఉందన్నాడని షావుకారుగారు, లేదన్నాడని గుమాస్తా. మొత్తానికి ఆ కాటా మార్చేశారు. లోపమే అయ్యుంటుందని నేను చాలాసార్లు నాకు చెప్పుకున్నాను, లెక్కలు చెప్పేదాన్ని గనక. మాస్టారు మళ్లీ కాలేజీకి వచ్చారు, ఐదారేళ్లు పాఠం చెప్పారు. ఎవరైనా రికార్డు ఇస్తే చేతిలోకి తీసుకునేవారు కాదు, బల్ల మీద పెట్టించుకునేవారు. నాతో అవసరమైనంతే మాట్లాడేవారు. నా ఒళ్లు మండిపోయేది. పోతున్న మనిషిని వెనక్కి పిలిచాను, ఒక్క మంచి మాట లేదు సరికదా, నేనే ఏదో అపచారం చేసినట్టు చూపు తప్పించడమేంటి?

పోయినేడాది ఇక ఉండబట్టలేక విస్సన్నపేట బస్సెక్కాను. రిటైరయ్యాక చెల్లెలి ఇంట్లోనే ఉంటున్నారు. మామిడికాయల రోజులు, వాకిలంతా ట్రాక్టర్ల దుమ్ము. వరండాలో కుర్చీలో కూర్చోబెట్టారు ఆయన్ని. చెల్లెలు నాకు టీ ఇచ్చి లోపలికి వెళ్లింది. డొంకతిరుగుడు లేకుండా అడిగేశాను. ఆ రోజు నేను పిలిచి తప్పు చేశానా మాస్టారూ అని.

ఆయన ఖాళీ అరచెయ్యి ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను.

"నాది కానిది తీసేస్తూ పోతే నేను మిగులుతాననుకున్నానమ్మా," అన్నారు చివరికి. "ఆ అంకెల్లో పోతున్నదంతా నేనే. మీరు పేరు పెట్టి పిలిచినప్పుడు పలకడానికి నేను దాదాపు లేను. ఆమే విని, నన్ను వెనక్కి పంపింది."

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆయన నా మొహంలోకి చూశారు, ఇన్నేళ్లకి మొదటిసారి.

"మీరు ఇంకొంచెం ఆగుంటే, బల్ల దిగేది ఆమె."

నేను లేచి వచ్చేశాను. పిచ్చి మాటలని కొట్టిపారేద్దామని బస్సులో దారంతా ప్రయత్నించాను. ఆవిడంటే నాకెంత ప్రాణమో ఆయనకి తెలుసు. తెలిసే చెప్పారు.